తలుపు వేసుకున్న తర్వాత తొందర ఎందుకు?

ప్రశ్న: ప్రభువు నామమున వందనాలు. మేము కర్నూలులో ఉంటాము. నేను కోడుమూరు వైపు ఒక ఊళ్లో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలిని. తెల్లవారి నాలుగున్నరకే లేస్తాను. కొళాయి నీళ్లు పట్టుకుని, వంట చేసి, ఇద్దరు పిల్లల్ని బడికి సిద్ధం చేసి, అత్తగారికి మందులిచ్చి ఏడుంబావుకు బస్సు అందుకోవాలి. జనవరిలో మా సంఘంలో ఏడాదిలో బైబిలు పూర్తిచేసే పట్టిక ఇచ్చారు. లేవీయకాండం దగ్గర వెనకబడి, ఇప్పటికి నలభై అధ్యాయాలు బాకీ పడ్డాను. ఆ బాకీ తీర్చుకుందామని బస్సులో ఫోన్‌లో చదివితే, దిగేసరికి ఏమి చదివానో గుర్తుండడం లేదు. ప్రార్థన కూడా పొయ్యి దగ్గర నిలబడి గబగబా చెప్పుకునే నాలుగు మాటలైపోయింది. మావారు సంఘ కమిటీలో ఉన్నారు, ఆయన ఉదయం గంటసేపు వాక్యధ్యానంలో కూర్చుంటారు. నాకు అలాంటి తీరిక ఎక్కడినుంచి వస్తుంది? — ఒక సహోదరి, కర్నూలు

జవాబు: ప్రియ సహోదరీ, మీ ఉత్తరంలో ‘బాకీ’ అన్న మాట రెండుసార్లు కనబడింది. అప్పిచ్చిన వారి ఇంటి ముందు నుంచి నడవవలసి వచ్చిన మనిషి తల వంచుకుని ఎలా వడివడిగా దాటిపోతాడో, బైబిలు తెరిచిన ప్రతిసారీ మీ మనసు అలాగే దాటిపోతోంది. నాలుగున్నరకు బదులు మూడున్నరకు లేచినా ఆ నడక మారదు. కాబట్టి ఆ నలభై అధ్యాయాల బాకీని ఈ రోజే కొట్టివేయండి. పట్టికను మీ సంఘం మీ మేలు కోరే ఇచ్చింది, అందులో సందేహం లేదు. దాన్ని మడిచి బీరువాలో దాచుకోండి, పిల్లలు పెద్దవారయ్యాక ఒక సంవత్సరం తీయవచ్చు.

అరవై ఆరు గ్రంథాల్లో మొత్తం 1,189 అధ్యాయాలున్నాయి కనుక, ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు అధ్యాయాలకు కొంచెం ఎక్కువ చదవాలి. వినడానికి తేలికగానే ఉంటుంది. కానీ 117వ కీర్తనలో రెండే వచనాలుంటే 119వ కీర్తనలో 176 ఉన్నాయి, పట్టికలో మాత్రం రెండూ ఒక్కొక్క అధ్యాయమే. ఇలాంటి పట్టికల్లో ఈనాటికీ వాడుకలో ఉన్న ఒకదాన్ని 1842లో స్కాట్లాండులోని డండీ పట్టణంలో రాబర్ట్ ముర్రే మెక్‌షేన్ అనే యౌవన కాపరి తన సంఘం కోసం తయారుచేశాడు. పట్టికతో పాటే దానివల్ల రాగల ప్రమాదాలను కూడా ఆయన రాసిపెట్టాడు: చదవడం ఒక ఆచారంగా మిగిలిపోవచ్చు, ఈ రోజు భాగం చదివేశానన్న స్వనీతి కలగవచ్చు, అజాగ్రత్త అలవాటు కావచ్చు, కొందరికి అది మోయలేని కాడి కావచ్చు. పట్టిక చేసిన మనిషే ఇంత హెచ్చరించినప్పుడు, ఆ కాడి మీ మెడకు బరువైందని మీరు సిగ్గుపడవలసిన పని లేదు.

నా సంగతి కూడా చెబుతాను. కడపలో బడిపిల్లలకు తెలుగు చెప్పిన రోజుల్లో నేను వరుసగా చాలా ఏళ్లు బైబిలు పూర్తిచేశాను. మా అమ్మ ప్రభువునందు నిద్రించిన సంవత్సరం, డిసెంబరు 31 సాయంత్రానికి ప్రకటన గ్రంథం ఇంకా మొత్తం మిగిలిపోయింది. రాత్రి ఆరాధనకు వెళ్లేలోపు ముగించాలని ఇరవై రెండు అధ్యాయాలూ ఏకబిగిన చదివి, పట్టికలో చివరి గడి దిద్ది, చీర మార్చుకుని గుడికి వెళ్లాను. అక్కడ అయ్యగారు వాక్యం తీసి, “ఆయన వారి కన్నుల ప్రతి బాష్పబిందువును తుడిచివేయును” అని చదివారు. ఆ మాట నేను అంతకు గంట క్రితమే చదివాను. చదివినట్టు నాకు తెలియనే లేదు. ఏడాది పొడుగునా అమ్మ కోసం ఏడ్చిన నాకు, ఆ ఏడాదంతటిలో అంతగా కావలసిన మాట ఇంకొకటి లేదు. దాని మీదుగా నా కళ్లు వెళ్లిపోయాయి, అంతే. ఆ తర్వాత నేను గడులు దిద్దడం మానుకున్నాను.

బేతనియలో తనను ఇంట చేర్చుకుని పనుల్లో మునిగిపోయిన మార్తతో ప్రభువు అన్న మాట మీకు కంఠతా వచ్చే ఉంటుంది: “నీవనేకమైన పనులను గూర్చి విచారము కలిగి తొందరపడుచున్నావు.” ఇక్కడ ‘తొందర’ను వేగమన్న అర్థంలోనే తీసుకుంటే సగమే అందుతుంది. పాత తెలుగులో ఆ మాటకు కలత, ఇబ్బంది అన్న అర్థం బలంగా ఉండేది. అనంతపురం దాటి కన్నడ సరిహద్దుకు వెళితే అక్కడివారు ఇప్పటికీ ఇబ్బందిని ‘తొందరె’ అనే అంటారు. ప్రభువు మార్త చేతుల వేగాన్ని తప్పుపట్టలేదు, ఆమె లోపలి కలతను చూసి పేరు పెట్టి రెండుసార్లు పిలిచాడు. మీ చేతులు ఉదయంపూట వేగంగా కదలక తప్పదు, బస్సు మీ కోసం ఆగదు కదా. ఆ వేగాన్ని ప్రార్థనలోకి కూడా తీసుకుపోకుండా ఉండే దారి వెతుక్కోవాలి.

మొదటి కీర్తనలో ‘దివారాత్రము దానిని ధ్యానించువాడు’ అని ఉన్నచోట హెబ్రీ మూలంలో ‘హాగా’ అనే మాట ఉంది. సింహం తన ఎర మీద గుర్రుమనడానికీ, గువ్వ మూలగడానికీ యెషయా గ్రంథంలో అదే మాట వాడారు. అంటే ఆ కాలపు ధ్యానం పెదవులు కదలకుండా, కళ్లతో పుటలు తిరగేసే పని కాదు, గొంతులోంచి వచ్చే గొణుగుడు అందులో ఉండేది. ఐతియొపీయుడైన నపుంసకుడు రథం మీద యెషయా గ్రంథం చదువుతుంటే ఫిలిప్పుకు వినబడిందని అపొస్తలుల కార్యాల్లో ఉంది. ఆయన పైకి చదువుతున్నాడు కనుకే వినబడింది. మీరు కూడా ఎనిమిది పది వచనాలకు మించకుండా, మీ చెవికి మీ గొంతు తెలిసేంత మెల్లగా పైకి చదవండి. మన తెలుగు బైబిలు భాష పాతబడిందని, చదవడం కష్టమని యౌవనస్థులు అంటుంటారు. తెలుగు చెప్పి బతికినదానిగా నేను అందులో ఒక మేలు చూస్తాను. ‘నడిపించుచున్నాడు’, ‘చేయుచుండెను’ వంటి నిడుపాటి క్రియలను నోటితో పలికేటప్పుడు ఎవరూ పరుగెత్తలేరు, ఆ మాటలే మనల్ని చేయి పట్టుకుని ఆపుతాయి.

చదువుతుండగా ఏదో ఒక మాట దగ్గర మనసు ఆగుతుంది. ఆగినప్పుడు ముందుకు వెళ్లకండి. కీర్తనల్లో 71 చోట్ల ‘సెలా’ అని ఉంటుంది, దాని అర్థాన్ని పండితులు ఇదమిత్థమని తేల్చకపోయినా, పాట నిలిపే చోటును చూపే గుర్తని చాలామంది తలుస్తారు. 46వ కీర్తన పదకొండు వచనాల్లోనే సెలా మూడుసార్లు వస్తుంది, “ఊరకుండుడి నేనే దేవుడనని తెలిసికొనుడి” అన్న మాట ఉన్నది కూడా ఆ కీర్తనలోనే. మనం ఇంట్లో చదివేటప్పుడు సెలాను దాటేసి పై వచనానికి వెళ్లిపోతాం. దాన్ని నిజంగా ఆగే చోటుగా తీసుకుని, రెండు మూడు ఊపిరులు తీసుకునేంతసేపు ఊరకే కూర్చుని చూడండి. ఆ మాటనే తిప్పి దేవునితో చెప్పుకోండి. ప్రార్థనకు వేరే మాటలు వెతుక్కునే శ్రమ అప్పుడు ఉండదు, చదవడం ఎక్కడ ముగిసి ప్రార్థన ఎక్కడ మొదలైందో మీకే తెలియని రోజులు కూడా వస్తాయి.

ఇక సమయం సంగతి. మీకు ఇరవై నిమిషాలు చాలు, కానీ ఆ ఇరవై నిమిషాలూ మీవే కావాలి. ఈ విషయంలో మీవారితో మీరు మాట్లాడాలని సూటిగా చెబుతున్నాను. ఆయన గంటసేపు వాక్యం ముందు కూర్చోవడం ఎంతో మంచిది. అయితే ఆ గంటలో కొళాయి దగ్గర బిందెలు పట్టినది మీరు, పిల్లలకు జడలు వేసినది మీరు. ఆయన తన గంటను నలభై నిమిషాలు చేసుకుని మిగిలిన ఇరవై నిమిషాలు నీళ్లు పట్టి, తల్లికి మందులిస్తే, ఆయన భక్తికి ఏ లోటూ రాదు, ఇద్దరి ప్రార్థనా నిలుస్తుంది. భార్యను జీవమను కృపావరములో తనతో పాలివారై యున్నదని ఎరిగి సన్మానించాలని, లేకపోతే ప్రార్థనలకు అభ్యంతరం కలుగుతుందని పేతురు భర్తలకే రాశాడు. ఈ ఉత్తరాన్ని ఆయనకు చూపించినా ఫరవాలేదు.

ఆ ఇరవై నిమిషాల్లో ఫోన్ వేరే గదిలో ఉండాలి. గడియారం వైపు చూడకుండా ఉండడానికి పాతకాలపు అలారం గడియారంలో ముగింపు వేళకు గంట పెట్టుకోండి, గంట కొట్టేదాకా సమయం చూసే బాధ్యత మీది కాదు. పక్కన ఒక కాగితం, పెన్సిలు ఉంచుకోండి. కళ్లు మూసుకోగానే గ్యాస్ బుక్ చేయాలని, చిన్నవాడి ఫీజు కట్టాలని గుర్తుకొస్తుంది. దానితో పోరాడకుండా కాగితం మీద రాసేసి తిరిగి వచ్చేయండి. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ అడగకండి, చదవకండి. వాన నీళ్లు పట్టిన బిందెలో మట్టి అడుగుకు దిగడానికి మనం చేయగలిగిందేమీ ఉండదు, బిందెను కదపకుండా ఉంచడం తప్ప. బస్సులో ఇక చదవద్దు. ఉదయం ఆగిన ఆ ఒక్క మాటను కిటికీ పక్కన కూర్చుని నెమరువేసుకోండి.

ఒంటరిగా కూర్చునే వీలే లేని రోజులు ఉంటాయి. అలాంటి రోజుల కోసం మా అవ్వను గురించి చెబుతాను. కుందూ ఒడ్డున నల్లరేగడి ఊరు మాది, పొద్దున జొన్న రొట్టె లేకుండా ఎవరూ పొలం పోరు. అవ్వకు చదువు రాదు. గురువారం గురువారం ఊరికి వచ్చి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ దగ్గర విని విని ఇరవై మూడో కీర్తన నేర్చుకుంది. పిండిలో వేడినీళ్లు పోసి పిసికి, ముద్ద చేసి పలక మీద పెట్టి, అరచేత్తో తిప్పి తిప్పి తడుతూ “యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు” అనేది. రొట్టెను పెనం మీద వేసి, పైన తడిచేత్తో నీళ్లు రాసేది. ఆ తడి ఆరి, రొట్టెను తిప్పి, అది పొంగి దించేవరకు ఇంకో మాట లేదు. తర్వాతి ముద్ద చేతికి తీసుకున్నాకే “పచ్చికగల చోట్ల ఆయన నన్ను పరుండజేయుచున్నాడు.” ఆ కీర్తనలో ఆరు వచనాలే, మా ఇంటికి పదిహేను రొట్టెలు కావాలి. ఆరూ అయ్యాక మళ్లీ మొదటికి వచ్చేది. పొయ్యి పక్కన కూర్చున్న నాకు పెనం మీద రొట్టె కాలే ఆ ఎడంలో అవ్వ ముఖం ఎలా ఉండేదో ఇప్పటికీ కళ్లకు కడుతుంది. ఆమె పని ఆపలేదు, ప్రార్థననూ పరుగెత్తించలేదు. మీరు పొయ్యి దగ్గర చెప్పుకునే నాలుగు మాటలను తక్కువ చేసుకోకండి, గబగబా చెప్పుకోవడం ఒక్కటే మానండి.

ఎవరో వచ్చి తలుపు తడతారు, అత్తగారు పిలుస్తారు, పిల్లవాడికి జ్వరం వస్తుంది. అప్పుడు మీ సమయం పాడైందని బాధపడకండి. కపెర్నహూములో ప్రభువు పెందలకడనే, ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి ఒంటరిగా ప్రార్థించడానికి వెళితే, సీమోను వెంటాడి పట్టుకుని “అందరు నిన్ను వెదకుచున్నారు” అన్నాడు. అదే మార్కు సువార్త ఆరో అధ్యాయంలో భోజనం చేయడానికి కూడా తీరిక లేని శిష్యులను ఆయన “కొంచెముసేపు అలసట తీర్చుకొనుడి” అని ఏకాంత స్థలానికి తీసుకువెళితే, జనం కాలినడకన ముందే పరుగెత్తి అక్కడికి చేరారు. ఆయన వారిని కసరలేదు, కనికరపడి బోధించాడు, ఐదు రొట్టెలతో భోజనం పెట్టించాడు. అదంతా అయ్యాక జనాన్ని పంపివేసి, ప్రార్థన చేయడానికి కొండకు వెళ్లాడు. పోయిన ఏకాంతాన్ని సాయంత్రం తిరిగి తీసుకున్నాడు. మీకు ఉదయం పోతే రాత్రి పిల్లలు పడుకున్నాక పది నిమిషాలు తీసుకోండి, రాత్రి కూడా పోతే మరుసటి ఉదయం మామూలుగానే కూర్చోండి. రెండు రోజుల భాగం కలిపి చదవవద్దు. మళ్లీ బాకీ మొదలవుతుంది.

ప్రశ్న: తాడిపత్రిలో నాపరాళ్లు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేస్తాను. ఉదయం ఆరు దాటాక ఇంటికి వచ్చి పడుకుంటాను. మా సంఘంలో ఐదు గంటల ప్రార్థనకు రానివారు ఆత్మీయంగా బలహీనులని అంటున్నారు. వేకువజామున ప్రార్థించకపోతే అది లోటేనా? — ఒక సహోదరుడు, తాడిపత్రి

జవాబు: లోటు కాదు, తమ్ముడూ. వేకువ మంచి వేళ, ప్రభువే ఆ వేళను వాడుకున్నాడు కనుక మన సంఘాల్లో దానికి గౌరవం ఉంది. కానీ ఇస్సాకు సాయంకాలం పొలంలోకి ధ్యానించడానికి వెళ్లాడు, దానియేలు దినానికి ముమ్మారు మోకాళ్లూనాడు, పేతురు పగలు పన్నెండు గంటలకు మిద్దె ఎక్కి ప్రార్థించాడు, పౌలు సీలలు మధ్యరాత్రి చెరసాలలో కీర్తనలు పాడారు. యంత్రాల హోరులో, రాతి బురదలో తెల్లవార్లూ నిలబడి వచ్చిన మనిషిని ఐదు గంటలకు రాలేదని లెక్కించడం సరికాదని మీ పెద్దలతో మర్యాదగా చెప్పండి.

మీ కోసమే అన్నట్టు, యెరూషలేముకు వెళ్లే యాత్రికులు పాడిన యాత్ర కీర్తనల్లో చివరిదైన 134వ కీర్తన ఉంది. మూడే వచనాలు. యెహోవా మందిరంలో రాత్రి నిలుచుండువారిని పిలిచి, ఆయనను సన్నుతించమని చెబుతుంది. ఊరంతా నిద్రపోతున్నప్పుడు మేలుకుని పని చేసేవారికి దేవుని మందిరంలో ఒక చోటు ఉందని ఆ కీర్తన సాక్ష్యమిస్తుంది. దాన్ని నోటికి నేర్చుకుని, రాత్రి టీ తాగే విరామంలో యంత్రాలకు కొంచెం ఎడంగా వెళ్లి మెల్లగా చెప్పుకోండి. నిద్ర లేచాక, మధ్యాహ్నం భోజనానికి ముందు, అరగంట మీ ఏకాంత సమయంగా పెట్టుకోండి. షిఫ్టు దిగి రాగానే మాత్రం బైబిలు ముందు కూర్చోవద్దు, పడుకోండి.

ప్రశ్న: నేను రైల్వేలో పనిచేసి రిటైరై గుంతకల్లులో ఉంటున్నాను. వయసు 74. ఇప్పుడు రోజంతా తీరికే. కానీ మధ్యాహ్నం బైబిలు తెరిస్తే పది నిమిషాల్లో కునుకు పడుతుంది, ప్రార్థనలో మనసు ఎక్కడెక్కడికో పోతుంది. ఇది పాపమని భయంగా ఉంది. — ఒక పెద్దాయన, గుంతకల్లు

జవాబు: అయ్యా, భయపడకండి. బదరీవృక్షం కింద పడుకుని నిద్రపోయిన ఏలీయాను దేవదూత రెండుసార్లు తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడే తప్ప, ఎందుకు పడుకున్నావని అడగలేదు. గెత్సేమనేలో నిద్రపోయిన శిష్యులతో కూడా ప్రభువు, ఆత్మ సిద్ధమే గాని శరీరము బలహీనమని అన్నాడు.

గుంతకల్లు ఎండకు మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుంటే ఎవరికైనా కునుకు వస్తుంది. ఆ వేళ హాయిగా పడుకుని, చల్లబడ్డాక ఐదు గంటలకు చదువుకోండి. పెద్ద అక్షరాల బైబిలు తెప్పించుకోండి, కళ్లు అలసినా నిద్ర వస్తుంది. ఉద్యోగంలో ఉండగా చాలా నడిచి ఉంటారు, ఇప్పుడు కూడా ఇంటి ముందర మెల్లగా నడుస్తూ ప్రార్థించండి. మనసు మనవళ్ల మీదికో, పాత స్నేహితుల మీదికో పోతే, పోయిన చోట ఉన్న మనిషి పేరు చెప్పి ఆ మనిషి కోసమే ప్రార్థించండి. సాయంత్రం మనవడు బడి నుంచి వచ్చాక మార్కు సువార్త తీసి వాడి చేత ఒక్కొక్క సంగతే పైకి చదివించుకోండి. మీరు ‘ఆగు’ అన్నచోట వాడు ఆగాలని ముందే చెప్పి ఉంచండి.